పాము నడక నేర్చుకున్నప్పుడు

మా అమ్మమ్మ నా నడక గురించి కోప్పడినంతగా మరి దేని గురించీ కోప్పడలేదు. "ఆడపిల్లవి, ఆ దబదబా నడకేమిటే? భూదేవికి నొప్పి పుట్టదూ?" అనేది. నడక దానంతటదే వచ్చేది కాదనీ, పక్కన ఒకరు నిలబడి నేర్పితే వచ్చేదనీ అప్పుడు నాకు తట్టలేదు. ఆ సంగతి చాలా ఏళ్ళ తర్వాత ఒక హాంకాంగ్ సినిమాలోని రెండు పాములు చెప్పాయి.

సినిమా పేరు ‘గ్రీన్ స్నేక్’. 1993లో వచ్చింది. దర్శకుడు సుయ్ హార్క్. వెయ్యేళ్ళ తపస్సుతో స్త్రీ రూపం పొందిన తెల్లపాము (జోయీ వాంగ్), తనలో సగం వయసున్న ఆకుపచ్చ పాముకి (మ్యాగీ చుంగ్) కాళ్ళతో నడవడం నేర్పుతుంది. చిన్నది నడుం ఎక్కువ తిప్పుతుంది, అడుగు తక్కువ వేస్తుంది. ఎవరూ చూడనప్పుడు నేల మీద పొట్టతో హాయిగా పాకుతుంది. ఈగ కనబడితే నాలుక చాచి పట్టేస్తుంది. పెద్దది మందలిస్తుంది, మనుషులు ఇలా చెయ్యరని. ఆ మందలింపులు జాగ్రత్తగా వింటే "మనుషులు" అన్న ప్రతిచోటా "ఆడవాళ్ళు" అని పెట్టుకోవచ్చు. అర్థం ఏమీ చెడదు.

ఆకుపచ్చ పాముకి మనకి పసరిక అనే చక్కటి పేరుంది. ఈ వ్యాసంలో ఆమెని పసరిక అనే పిలుస్తాను. ‘గ్రీన్ స్నేక్’ అంటే సినిమా, పసరిక అంటే మనిషి. మనిషి అన్నానా? సినిమా తగువంతా ఆ మాట దగ్గరే.

ఈ సినిమా గురించి రాస్తానన్నప్పుడు ఎదురైన మొదటి ప్రశ్న "పాము సినిమా మీద ఏం రాస్తావు?" అని. ఒక సదస్సులో నా పత్రం చదివాక సభాధ్యక్షుడిగా ఉన్న ఒక పెద్దాయన, కత్తియుద్ధాల సినిమాలూ జానపద సినిమాలూ కాలక్షేపానికి మంచివేననీ, స్త్రీవాదులు మరీ ప్రతిదాన్నీ బరువుగా తీసుకుంటారనీ నవ్వుతూ అన్నారు. ఆయన తప్పంటే తప్పే గానీ ఆ నవ్వుకి కారణం లేకపోలేదు. ఈ సినిమాలో పాము తోకలు రబ్బరు తోకల్లాగే ఉంటాయి. మంత్రాలు చదువుతూ పాముల వెంట పడే గుడ్డి తావో పూజారీ ఆయన శిష్యులూ చేసే హాస్యం కొన్నిచోట్ల భరించలేం. చూడగా చూడగా నాకు ఆ రబ్బరు తోకల మీదే ఇష్టం పెరిగింది. అతికించిన తోకతో స్త్రీ పాము అవుతున్నట్టే, అతికించిన నడకతో పాము స్త్రీ అవుతోంది. రెంటికీ కుట్లు కనబడుతూనే ఉంటాయి.

తెల్లపాము కథ చైనాలో అందరికీ తెలిసిన కథ. హాంగ్‌జౌలోని వెస్ట్ లేక్ ఒడ్డున వానలో ఒక యువకుణ్ణి చూసి ప్రేమించి, స్త్రీగా అతన్ని పెళ్ళాడిన పాము. ఫాహాయ్ అనే బౌద్ధ భిక్షువు ఆ పెళ్ళిని సహించడు. ఆమెని లైఫెంగ్ గోపురం కింద పాతిపెడతాడు. 1624లో ఫెంగ్ మెంగ్‌లాంగ్ ప్రచురించిన కథలో ఆమె మనుషుల్ని మాయచేసిన పిశాచి, భిక్షువు రక్షకుడు. ఆ కథలో చిన్నది పాము కూడా కాదు, ఒక ఆకుపచ్చ చేప. దాసీ. పెద్ద పాముకి గొడుగు పట్టడానికీ కబురు మోయడానికీ తప్ప కథకి ఆమె అవసరం లేదు. 1771 నాటి ఫాంగ్ చెంగ్‌పెయ్ నాటకం వచ్చేసరికి తెల్లపాము మీద జాలి పుట్టింది. కానీ ఆమె విడుదల కొడుకు చేతుల్లో పెట్టారు. అతను రాజ్యంలోకెల్లా పెద్ద పరీక్షలో మొదటివాడిగా నెగ్గితేనే తల్లికి మోక్షం. (మన ఇళ్ళలో కొడుకుల ర్యాంకుల కోసం తల్లులు పట్టే ఉపవాసాలు గుర్తొస్తే తప్పు నాది కాదు.) 1924లో నిజమైన లైఫెంగ్ గోపురం కూలిపోయినప్పుడు లూ షున్ ఒక వ్యాసం రాశాడు. నానమ్మ చెప్పిన కథ వింటూ ఆ గోపురం కూలిపోవాలని చిన్నప్పుడే కోరుకున్నవాడు కనుక, సంతోషంగా రాశాడు. 1950లలో తియెన్ హాన్ రాసిన పెకింగ్ ఒపేరాలో చిన్నపాము తిరిగి వచ్చి గోపురాన్ని పడగొడుతుంది. అంటే చేప పాము అయింది, దాసి చెల్లెలు అయింది, చెల్లెలు యోధురాలు అయింది. మూడు శతాబ్దాలకి పైగా పట్టింది. అయినా కథ చెప్పేది మాత్రం ఆమె కాదు.

ఆమె చేత చెప్పించింది ఒక స్త్రీ. హాంకాంగ్ రచయిత్రి లిలియన్ లీ (లీ పిక్-వా) 1986లో ‘గ్రీన్ స్నేక్’ నవల రాసింది. పసరిక "నేను" అంటూ మాట్లాడే నవల. చైనీస్ చదవగలిగిన ఒక సహ పరిశోధకురాలు దాన్ని నాకు విడమర్చి చెప్పింది. ఆ కథకురాలు వెటకారపు మనిషి. అక్క ప్రేమని దగ్గర్నుంచి చూస్తుంది, అసూయపడుతుంది, నవ్వుకుంటుంది, ఆ నవ్వులో తననీ వదలదు. కథ సాంగ్ రాజుల కాలంలో ఆగదు, సాంస్కృతిక విప్లవం దాకా వస్తుంది. అక్కడ గోపురాన్ని కూల్చేది రెడ్ గార్డులు. ఇన్నాళ్ళ చెర తర్వాత బయటికొచ్చిన అక్క ఏం చేస్తుంది? మళ్ళీ ఒక అందమైన కుర్రాడి వెంట వెళుతుంది. పసరిక చూస్తూ ఉంటుంది.

ఈ నవల గురించి విన్నప్పుడు వోల్గా ‘విముక్త’ కథలు గుర్తుకు రావడం సహజం. ‘సమాగమం’లో సీత శూర్పణఖని కలుసుకుంటుంది. కథలో ఒకరికొకరు శత్రువులుగా నిలిపిన ఇద్దరు స్త్రీలు కథ బయటికొచ్చి మాట్లాడుకుంటారు. పోలిక ఇక్కడ ఆగిపోతుంది. వోల్గా స్త్రీలు మాట్లాడుకున్నకొద్దీ తేలికపడతారు. లీ పాములు దగ్గరయినకొద్దీ ఒకరినొకరు గాయపరుచుకుంటారు. పునర్లేఖనాల మీద నా సిద్ధాంత గ్రంథం రాసే రోజుల్లో నేను మొదటి రకాన్నే వెతికాను. రెండో రకం ఎదురైతే పక్కన పెట్టాను. అది నిజాయితీ లేని పని అని ఇప్పుడు అనిపిస్తుంది.

సినిమా స్క్రీన్‌ప్లేలోనూ లీ ఉంది, సుయ్ హార్క్‌తో కలిసి రాసింది. అయినా ‘గ్రీన్ స్నేక్’ గురించి నేను చదివిన వ్యాసాల్లో ఎక్కువ భాగం దాన్ని సుయ్ హార్క్ సినిమాగా మొదలుపెట్టి సుయ్ హార్క్ సినిమాగా ముగిస్తాయి. వియత్నాంలో పెరిగి, టెక్సాస్‌లో సినిమా చదివి, 1983లో ‘జూ’ సినిమాతో హాంకాంగ్ మాయా యుద్ధ చిత్రాల రూపు మార్చిన దర్శకుడి ప్రతిభ. ప్రతిభావంతుడే, కాదన్నదెవరు? 1984లో నాన్సన్ షీతో కలిసి అతను స్థాపించిన ఫిల్మ్ వర్క్‌షాప్ సినిమాల్లో అసలు దర్శకుడు ఎవరనేది విమర్శకులకి ఇష్టమైన తగువు. 1987 నాటి ‘ఎ చైనీస్ ఘోస్ట్ స్టోరీ’కి దర్శకుడిగా పేరు చింగ్ సియు-టుంగ్‌ది. నిర్మాత సుయ్ హార్క్ చెయ్యి అందులో ఎంత? 1990 నాటి ‘స్వోర్డ్స్‌మన్’ను మొదలుపెట్టిన కింగ్ హూ మధ్యలో వెళ్ళిపోయాక మిగతాది ఎవరెవరు తీశారు? పేజీలకి పేజీలు రాశారు. ఏ మగవాడిది ఏ షాటు అని ఇంత శ్రద్ధగా లెక్క తేల్చేవాళ్ళకి, ఈ కథకి కన్నూ నోరూ ఇచ్చిన స్త్రీ పేరు ఒక వాక్యంలో సరిపోతుంది. అదే 1993లో చెన్ కైగే ‘ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్’ కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి పంచుకుంది. ఆ నవల కూడా లిలియన్ లీదే. ఆ బహుమతి పంచుకున్న రెండో సినిమా జేన్ క్యాంపియన్ ‘ది పియానో’. ఆ బహుమతి ఒక స్త్రీ దర్శకురాలికి దక్కడం అదే మొదలు. ఆ ఏడాది గురించి మాట్లాడేటప్పుడు క్యాంపియన్ పేరు న్యాయంగానే తలుచుకుంటాం. అదే వేదిక మీది రెండో సినిమా వెనుక ఉన్న స్త్రీని తలుచుకోం.

సినిమాలో "నేను" లేదు. పసరిక గొంతు కథ నడపదు. నవలలో చూసే మనిషి సినిమాలో చూడబడే మనిషి అయిందా? చాలాచోట్ల అయింది. తడిసిన బట్టలూ, స్నానాల నీళ్ళూ, పొగమంచులో వీపులూ. 1975లో లారా మల్వీ పురుష దృష్టి గురించి చెప్పినదానికి ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ లెక్కే వేసుకుని సినిమాని కొట్టిపారేశాను. రెండోసారి చూసినప్పుడు కెమెరా ఎక్కడుందో గమనించాను. పసరిక ఉన్నప్పుడు అది తరచూ మనిషి కంటి ఎత్తులో ఉండదు. దూలాల మీద ఉంటుంది, లేదా నేలబారుగా. పైనుంచి చూస్తే పండితుడు షూ షియెన్ చిన్నవాడు. కిందనుంచి చూస్తే ఇంటి సామానంతా అర్థంలేని సామాను. గొంతు పోయినచోట కథకురాలి చోటు అలా మిగిలింది. అది లీ పంపకమా, సుయ్ హార్క్ పట్టుకోగలిగినదా అంటే తేల్చలేం. తేల్చలేనప్పుడు మొత్తం ఒకరికే కట్టబెట్టకూడదన్నదే నా అభ్యంతరం.

సినిమా అసలు పాములతో మొదలవదు. భిక్షువుతో మొదలవుతుంది. ఫాహాయ్‌గా జావ్ వెన్‌జువో. కథల్లోని ముసలి సన్యాసి కాదు, కండలు తిరిగిన పడుచువాడు. జంతువుల్లా వికారమైన ముఖాలతో తోసుకుంటున్న జనం మధ్య నడుస్తూ, మనుషులంటే ఇంతేనన్నట్టు చూస్తాడు. తర్వాత, తపస్సుతో ముసలి మనిషి రూపం పొందిన ఒక సాలీడుని పట్టి బంధిస్తాడు. అది బతిమాలినా వినడు. దాని జపమాల చేతికొచ్చాక గానీ దాని భక్తి నిజమేమోనన్న అనుమానం రాదు. ఆ తర్వాతదే నన్ను ఈ వ్యాసం దాకా తెచ్చిన దృశ్యం.

వెదురు తోపు. కుండపోత వాన. ఒక పల్లెటూరి స్త్రీ ఒంటరిగా బిడ్డని కంటోంది. పైన కొమ్మల్లో రెండు పెద్ద పాములు, తెల్లదీ పచ్చదీ, తమ శరీరాల్ని ఆమెకి కప్పుగా చాచి వాన ఆపుతున్నాయి. ఫాహాయ్ చూస్తాడు. వాటిని పట్టుకోకుండా వదిలేస్తాడు. కానీ ఆ స్త్రీ శరీరాన్ని చూసిన చూపు అతన్ని వదలదు. ధ్యానంలో కూర్చుంటే తోకలున్న దయ్యాలు చుట్టుముడతాయి.

నాగుల చవితికి పిల్లల కోసం పుట్టలో పాలు పోసే ఇళ్ళలోంచి వచ్చిన మనకి, ప్రసవానికి కాపలా కాసే పాము వింత కాదు. బౌద్ధం తెలిసినవాళ్ళకి ఇంకో కథ కూడా గుర్తు రావాలి. జ్ఞానోదయం తర్వాత బుద్ధుడు ధ్యానంలో ఉండగా గాలివాన వస్తే, ముచిలిందుడనే నాగరాజు ఆయన్ని చుట్టుకుని తలపైన పడగ పట్టాడు. నాగులు బుద్ధుడి భక్తులు. మన అమరావతి శిల్పాల్లో స్తూపాన్ని కాపాడుతున్న నాగుల్ని రాతిలో చూడొచ్చు. ఆ వాన అదే, ఆ పడగ అదే. పడగ కింద ఉన్నది బుద్ధుడు కాదు, రక్తంలోనూ బురదలోనూ ఉన్న ఒక పేదరాలు. బౌద్ధ భిక్షువుకి ఆ దృశ్యం ఎక్కడో చూసినట్టు ఉండాలి. చేతులు జోడించాలి. అతనికి కనిపించింది మాత్రం నగ్నత్వం. ఫాహాయ్ ఎంత చెడ్డవాడన్నది కాదు ఇక్కడ విషయం. అతనికి వచ్చిన చదువు ఏది చూడనిస్తుంది, ఏది చూడనివ్వదు అన్నది. ఇన్ని తాళపత్రాలు చదివిన కళ్ళు పవిత్రమైనది ఎదురుగా ఉంటే గుర్తుపట్టలేదు. మనలో కొందరికి ఇలాంటి పరీక్షకులు ఎదురయ్యే ఉంటారు.

ఆ వానలోంచి పాములు ఊళ్ళోకొస్తాయి. పసరిక పైకప్పు మీంచి ఒక విలాస మందిరంలోకి జారుతుంది. అక్కడ భారతీయ నర్తకి ఆడుతోంది. గజ్జెలు, హిందుస్థానీ పోకడల పాట. పసరిక ఆమెతో కలిసి ఆడుతుంది. జేమ్స్ వాంగ్, మార్క్ లూయీ సంగీతం ఇచ్చిన ఈ సినిమాలో ఆ పాట పేరు మన "మహోరగ" చైనా ఉచ్చారణలో. బౌద్ధ గ్రంథాల వెంట అటు ప్రయాణించిన సంస్కృత పదం, నాగజాతికి సంబంధించిన దేవగణం పేరు. హాస్టల్ గదిలో మొదటిసారి ఆ దృశ్యం చూసి మేమంతా ఈలలు వేశాం, మనవాళ్ళు వచ్చారని. తర్వాత ఆలోచిస్తే ఇబ్బందిగా అనిపించింది. సాంగ్ కాలపు హాంగ్‌జౌలో కోరికని చూపించాల్సి వచ్చేసరికి భారతదేశం కావాల్సి వచ్చింది. పశ్చిమం ప్రాచ్యాన్ని ఎలా ఊహించుకుంటుందో మనం చాలా చదివాం. తూర్పున ఒకరు మరొకర్ని ఇలా ఊహించుకోవడం గురించి ఇంకా సరిగ్గా రాసుకోలేదు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. పసరిక తన ఒంటిని తొలిసారి సంతోషంగా వాడుకునేది ఆ గదిలోనే, ఒక స్త్రీ ఎదుట. ఆ తర్వాత ఆమె నేర్చుకునే నడకా నవ్వూ అన్నీ మగవాడి కోసం.

మగవాడు షూ షియెన్. తైవాన్‌లో పెకింగ్ ఒపేరాని షేక్‌స్పియర్ దాకా నడిపించిన నటుడు వు షింగ్-కువో ఆ పాత్ర వేశాడు. మెత్తటివాడు, మంచివాడు, పిరికివాడు. పెద్దది అతన్ని ఎంచుకుంటుంది, పెళ్ళాడుతుంది, ఇల్లు నిలబెడుతుంది. చిన్నది ఆ ఇంట్లోనే ఉంటుంది. అక్క చేసేవన్నీ చేస్తుంది. అక్క కళ్ళల్లో నీళ్ళొస్తే తనకి ఎందుకు రావడం లేదని చూసుకుంటుంది. పాములకి కన్నీళ్ళుండవు, మనిషైతేనే వస్తాయి. అక్క లేనప్పుడు అతన్ని దగ్గరికి లాక్కుంటుంది. అతను లొంగుతాడు. అక్కాచెల్లెళ్ళు కత్తులు దూస్తారు.

నేను మొదట పక్కన పెట్టిన రెండో రకం కథ ఇదే. అక్క మొగుడి మీద మనసు పడ్డ చెల్లెల్ని స్త్రీవాద విమర్శ ఏం చెయ్యాలి? అసూయ అంతా పితృస్వామ్యం పెట్టిన చిచ్చే అనేస్తే చేతులు కడుక్కున్నట్టవుతుంది. నాకు ఇప్పుడు తోచేది ఇది. పసరిక కోరుకున్నది అతన్ని కాదు, అతన్ని కోరుకోవడం ఎలా ఉంటుందో తెలుసుకోవడాన్ని. మనిషి కావాలంటే ఆమె ముందున్న దారి ఒక్కటే. ఆ దారి అక్క వేసింది. అది ఒక మగవాడి గడప దాకా వెళ్ళి ఆగుతుంది. వెయ్యేళ్ళ తపస్సుకి ఫలం ఇల్లాలి హోదా. చదువు చెప్పిన గురువు ఆ గడప దాటి లోపలికి వెళ్ళిపోతే, శిష్యురాలు అదే తలుపు తట్టక ఏం చేస్తుంది?

అదే సమయంలో ఫాహాయ్‌తో ఆమెకి ఇంకో పరీక్ష జరుగుతుంది. తన ధ్యానాన్ని భంగం చెయ్యగలిగితే వదిలేస్తానంటాడు. నీళ్ళల్లో ఆమె అతన్ని చుట్టుకుంటుంది. అతను ఓడిపోతాడు. ఓడిపోయాక మాట తప్పుతాడు. నియమం అతనిది, పందెం అతనిది, ఓటమి అతనిది, శిక్ష మాత్రం ఆమెది. ఈ ఘట్టం గురించి వివరించడానికి పెద్దగా ఏమీ లేదు.

సినిమాని నాతో మొదటిసారి చూసినవాళ్ళలో నా రూమ్మేట్ ఒకరు. నాకన్నా రెండేళ్ళు సీనియర్, నేను అక్కా అనే పిలిచేదాన్ని. యూనివర్సిటీలో నాకు నడక నేర్పింది ఆవిడే. వైవాకి చీర ఎలా కట్టాలో, బయటినుంచి వచ్చిన పరీక్షకుడి ముందు ఎక్కడ నవ్వకూడదో, పుస్తకం పేరు తెలియకపోతే తెలిసినట్టు తల ఎలా ఊపాలో. నాకన్నా చురుకైన పరిశోధకురాలు. పెళ్ళయ్యాక వేరే ఊరు వెళ్ళి, రెండు అధ్యాయాలు రాసిన సిద్ధాంత గ్రంథాన్ని వదిలేసింది. డాక్టరేట్ నాకొచ్చింది. కాబట్టి, సినిమా చివర్లో పసరిక షూ షియెన్‌ని కత్తితో పొడిచే దృశ్యం ఆ తర్వాత మళ్ళీ చూసినప్పుడు నాకు కలిగిన తృప్తి పూర్తిగా విమర్శకురాలి తృప్తి కాదు. ఆవిడ భర్త నాకు ఏ అపకారం చెయ్యలేదు. మర్యాదస్తుడు. వాళ్ళింటికి వెళ్తే కాఫీ తనే కలిపిస్తాడు.

ఈ వ్యాసం మొదటి ప్రతి ఆవిడకే పంపాను. ఫోన్ చేసింది. "ఏమే, తెల్లపాముని అంత అమాయకురాల్ని చేశావేం? ఆవిడకి తెలిసే వెళ్ళింది. వెయ్యేళ్ళు ఒక్కర్తే ఉండి చూసింది. ఇల్లు కావాలనుకుంది. నీ పసరికకి అదొక మోసపోవడంలా కనిపిస్తే అది పసరిక చిన్నతనం" అంది. నేను నవలలో "నేను" గురించీ కథకురాలి చోటు గురించీ ఏదో చెప్పబోయాను. "అదేనే నేను చెప్పేది. ఆ కథ చెప్పేది చెల్లెలు. అక్కని ఎవరైనా అడిగారా?" అంది.

నా దగ్గర జవాబు లేకపోయింది. చేప నుంచి కథకురాలి దాకా పసరిక వచ్చిన దూరం చూసి మురిసిపోతున్న నేను, ఆ ప్రయాణంలో తెల్లపాము గొంతు ఎక్కడ తగ్గిందో చూడలేదు. జోయీ వాంగ్ నటనని మళ్ళీ చూశాను. ఎక్కువ మంది మ్యాగీ చుంగ్‌నే మెచ్చుకుంటారు, నేనూ అంతే. ఈసారి పెద్దదాన్నే చూశాను. ఆమె భర్తని మాయ చెయ్యదు, ఓపికగా సంసారం చేస్తుంది. అతను పిరికివాడని ఆమెకి ముందునుంచీ తెలుసు. తెలిసిన ముఖం అది. అది మోసపోయినవాళ్ళ ముఖంలా లేదు. అయినా ఆ ముఖం వెనకున్న ఎంపిక స్వేచ్ఛగా చేసుకున్నదేనని ఒప్పుకోవడానికి నేను సిద్ధంగా లేను. మా వాదన ఇంకా తెగలేదు.

చెల్లెలి చూపు అక్కకి అన్యాయం చేస్తే చేసిందేమో గానీ, ఆ చూపు తీసేస్తే ఏం మిగులుతుందో చింగ్ సియు-టుంగ్ సినిమాలో తెలుస్తుంది. 2011లో ఇదే కథని ‘ది సోర్సరర్ అండ్ ది వైట్ స్నేక్’గా తీశాడు. మనకి ‘క్రిష్’ (2006) పోరాటాలు కూర్చిన మనిషిగా అతని పని తెలుసు. ‘హీరో’ (2002) లాంటి సినిమాల్లో తీగల మీద మనుషుల్ని ఆకులా తేల్చింది కూడా అతనే. శరీరాలు గాలిలో ఎలా తిరగాలో అంత తెలిసినవాడు, ఆ శరీరాలు ఎందుకు తిరుగుతున్నాయో ఈ సినిమాలో పట్టించుకోలేదు. జెట్ లీ ఫాహాయ్ అయ్యాడు కనుక సినిమా ఫాహాయ్‌ది అయింది. భూతాల్ని పట్టే బరువు బాధ్యత మోస్తున్న పెద్దమనిషి. పసరికకి (చార్లీన్ చోయ్) అతని శిష్యుడితో ఒక ముద్దు ముచ్చటైన స్నేహం పెట్టారు. అక్క మొగుడి వైపు చూడదు, నేల మీద పాకదు, ఎవర్నీ చంపదు. బుద్ధిగా నడుస్తుంది. కంప్యూటర్‌లో చేసిన తోకలు 1993 నాటి రబ్బరు తోకలకన్నా ఎంతో నున్నగా ఉంటాయి. కుట్లు ఎక్కడా కనబడవు. పద్దెనిమిదేళ్ళలో సాంకేతికత ముందుకెళ్ళి కథ ఫెంగ్ మెంగ్‌లాంగ్ వైపు వెనక్కి నడిచింది. 2021లో అదే కథ నుంచి పసరికని కథానాయికగా పెట్టి ఒక యానిమేషన్ చిత్రం వచ్చింది. అక్క కోసం పోరాడే చెల్లెలు ఆమె. బాగా పోరాడుతుంది. సిగ్గులేకుండా కోరుకునే పసరిక అందులో కూడా లేదు. ఆమెని భరించడం కన్నా కత్తి చేతికివ్వడమే తేలికేమో.

సుయ్ హార్క్ సినిమా ముగింపు దగ్గరికొస్తాను. ఫాహాయ్ షూ షియెన్‌ని గుడికి తీసుకుపోయి గుండు కొట్టిస్తాడు. అక్కాచెల్లెళ్ళు వరదని గుడి మీదికి తోలతారు. వరద గుడిని మాత్రమే ముంచదు, అందులో ఏ పాపమూ తెలియనివాళ్ళూ ఉంటారు. స్త్రీ ఆగ్రహాన్ని పండగ చేసుకునే నాలాంటి విమర్శకులు ఆ వరద దగ్గర కాస్త తడబడాలి. నీళ్ళ మధ్య తెల్లపాముకి నొప్పులొస్తాయి. వానలో ఇంకొకరి ప్రసవానికి కప్పుగా నిలిచినవాళ్ళకి తమ ప్రసవానికి ఏ కప్పూ లేదు. పుట్టింది మనిషి బిడ్డ. దాన్ని చూసి ఫాహాయ్‌కి తన పాఠం తప్పని తెలుస్తుంది. అప్పటికే ఆలస్యం. కూలుతున్న రాళ్ళ కింద తల్లి పోతుంది. పసరిక షూ షియెన్‌ని అక్క దగ్గరికే పంపిస్తున్నట్టు పొడుస్తుంది. అప్పుడు ఆమె కంట్లోంచి నీటిచుక్క జారుతుంది. ఆమె మనిషైన క్షణం అదే, ఆ క్షణంలోనే మనుషుల్లో ఉండటం ఇక వద్దనుకుంటుంది. ప్రేమంటే ఏమిటో మీకే తెలియదనీ, తెలిసినప్పుడు తిరిగొస్తానేమోననీ ఫాహాయ్‌తో చెప్పి నీళ్ళల్లోకి వెళ్ళిపోతుంది. అయిదు వందల ఏళ్ళ కష్టానికి ఇది నా ఎంపిక అని ఆమె అనగలిగింది ఆ వెళ్ళిపోవడం ఒక్కటే.

వెళ్ళిపోవడాన్ని నేను పది పన్నెండుసార్లు చూసి ఉంటాను. ప్రతిసారీ నా కళ్ళు ఆమె వెంటే నీళ్ళల్లోకి వెళ్ళేవి. మొన్న అక్కతో కలిసి వాళ్ళింట్లో చూశాం, వాళ్ళ పాప ఒళ్ళో నిద్రపోతుండగా. పసరిక మునిగిపోయింది. అక్క తెర మీంచి కళ్ళు తీయలేదు.

"పిల్లాణ్ణి చూశావా?" అంది.

చూశాను. వరద మధ్య భిక్షువు చేతుల్లో బిడ్డ ఉంది. స్త్రీ శరీరాన్ని చూసి భయపడ్డవాడు, తల్లినీ తండ్రినీ విడదీసినవాడు, పసిబిడ్డని ఎలా ఎత్తుకోవాలో తెలియకుండా పట్టుకుని నిలబడ్డాడు. పాలివ్వడానికి కనుచూపు మేరలో ఎవరూ లేరు. ఈ వ్యాసం కోసం రాసుకున్న కాగితాల్లో ఆ బిడ్డ గురించి ఒక్క మాట లేదు.

"వీడికి నడక ఎవరు నేర్పుతారే?" అంది అక్క.